ప్రదర్శనశాలనుండి వచ్చిన పడవ మనకు కొనదగినదేనా?

గోదావరి లంకలలో సేద్యము చేయువారికి పడవ బండి వంటిది, కాడియెద్దు వంటిది. తెల్లవారుజామున పాలబిందెలు ఒడ్డు చేరవలెనన్నను, అరటిగెలలును కందయు కూరగాయలును సంతవేళకు దాటవలెనన్నను, కలుపులకును కోతలకును వచ్చిన ఆడుకూలీలు చీకటి పడకమునుపే ఇండ్లకు మరలవలెనన్నను నడుమ ఏఱు అడ్డముగ నున్నది. వంతెనలు పడిన లంకలు కొన్ని కలవు. పడని లంకలు ఇంకను కలవు. ఇట్టిచోట్ల సాగుదార్లు సంఘముగ కూడి ఒక మరపడవ కొనవలెనని తలపెట్టినప్పుడు ఒక మాట తఱచుగా వినవచ్చుచుండును. "కొత్త పడవ యేల? ప్రదర్శనములో నిలిపిన పడవ యొకటి అమ్మకమునకు వచ్చినది. ఒక్కనాడైనను పనిచేయలేదు. రంగు చెదరలేదు. ధర బాగుగ తగ్గింతురట" అని. ఈ మాట చెవికి ఇంపుగ నుండును. అందు నిజమెంత, మన పనికి ఆ పడవ ఎంతవఱకు ఉపచరించును అని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట ఆ చవుకకు కారణము తెలిసికొనవలెను. తగ్గింపు అనగానే లోపమున్నదని శంకించుట న్యాయము కాదు. పడవల ప్రదర్శనములు పాశ్చాత్య దేశములలో పెద్ద వ్యాపారము. జర్మనీ దేశమున డ్యూసెల్‌డార్ఫ్ నగరమందు 1969 సంవత్సరమున ఆరంభమైన ప్రదర్శనము జనవరి మాసపు చలిలో, కప్పుక్రింద శాలలలో జరుగును. వసంతకాలమున నీటికి దింపదలచువారు అప్పుడే బేరము చేసికొందురు గనుక ఆ మాసము ఏర్పడినది. అమెరికాలో మయామి నగరమున ఫిబ్రవరిలో జరుగు ప్రదర్శనమున అనేక నావలను నీటిలోనే కట్టి చూపుదురు. ప్రదర్శనము ముగిసినంతనే వర్తకునకు చిక్కు మొదలగును. పడవను మరల కార్ఖానాకు మోయించుటకు లారీకూలి, నిలుపుటకు స్థలపు అద్దె, పెట్టుబడిపై వడ్డీ. మఱుసటి సంవత్సరము కొత్త నమూనా వచ్చినచో ఇది పాతదగును. కావున అతడు కొంత తగ్గించియైనను వదిలించుకొనగోరును. మనదేశమున యంత్ర ప్రదర్శనములలోను, మత్స్యపరిశ్రమ ప్రదర్శనములలోను ఫైబరు పడవలు నిలిపినవారికిని ఇదే చిక్కు. ఇందు మోసమేమియు లేదు. ధర తగ్గుటకు సరియైన హేతువే యున్నది.

అయితే ప్రదర్శనపు పడవ అనగా ఒక్క జాతి కాదు. నీటిలో కట్టి చూపినది వేఱు, శాలలో దిమ్మెలపై నిలిపినది వేఱు, కేవలము లోపలి కట్టుబడి చూపుటకై ప్రక్కను కోసి తెఱచినది వేఱు. ఈ కడపటిది పడవయే కాదు, బొమ్మ. ఇంజనులలోను ఇట్టివి కలవు. పైమూత క్రొత్తగ మెఱయుచుండగా లోపల భాగములు సగము లేనివి, లేదా చూపుట కొఱకు కోసినవి ఉండును. ఇంకొక జాతి కలదు: అచ్చునుండి వెలువడిన మొట్టమొదటి పడవ. దానిని చేతితో సానబట్టి, చూపుటకై ప్రత్యేకముగ దిద్దియుందురు. తరువాత వచ్చినవానికంటె అది మేలైనది కావచ్చును. అచ్చులోని దోషములన్నియు దానియందే బయటపడి, తరువాతివానియందు సవరింపబడినదియు కావచ్చును. అమ్మువానిని మొట్టమొదట అడుగవలసినది ధర కాదు. ఇది ఏ సంవత్సరము తయారైనది, ఎక్కడెక్కడ ఎన్ని నెలలు నిలిపిరి, నీటిలో దిగినదా లేదా అని అడిగి, ఆ జవాబును కాగితముపై వ్రాయించుకొనవలెను. విదేశపు పడవయైనచో వెనుకబల్లపై కుడిప్రక్కన చెక్కిన సంఖ్య యొకటి ఉండును. అమెరికాలో ఈ సంఖ్యయందు 12 అక్షరములు. మొదటి మూడును తయారుచేసినవాని గుర్తు. కడపటి రెండంకెలు నమూనా సంవత్సరము. వర్తకుడు చెప్పిన సంవత్సరమును ఈ అంకెలతో పోల్చి చూడుట అరనిమిషపు పని.

"నీటిలో దిగలేదు గనుక క్రొత్తది" అను వాదమును చాలమంది నమ్ముదురు. దీనిని కొంచెము నిదానించి చూడవలెను. పడవకు నీరు సహజస్థానము. నీరు దాని అడుగునంతటిని సమముగ మోయును. శాలలో నిలిపిన పడవ బరువంతయు రెండు మూడు దిమ్మెలపై పడును. దిమ్మెలు సరియైన తావున, వెడల్పుగ, మెత్తని పట్టీలతో నున్నచో హానిలేదు. తొందరలో నిలిపినవారు ఇంత ఆలోచింపరు. నెలల తరబడి ఒకేచోట ఒత్తుడు పడిన ఫైబరు అడుగు లోనికి చొట్టబోవును. పైగా ప్రదర్శనమునకు వచ్చిన జనము వందలకొలది చెప్పులతో నెక్కి దిగుదురు. పిల్లలు ఒక ప్రక్కకే గుంపుగ చేరి ఊగింతురు. నీటిలోనైనచో పడవ ఆ ఊపునకు ఒదిగిపోవును. దిమ్మెపై ఆ ఒత్తుడంతయు కట్టుబడియే భరింపవలెను.

ఫైబరు పడవకు పైపొర యొకటి కలదు. దీనిని జెల్‌కోటు అందురు. దీని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. లోపలి గాజునార నీరు త్రాగకుండ కాపాడునది ఇదియే. ప్రదర్శనమునకు ముందు మెఱుపు రావలెనని ఈ పొరను యంత్రముతో పదేపదే రాచినయెడల పొర పలుచబడును. మెఱయుచున్న పడవయే ఎక్కువ అఱిగిన పడవ కావచ్చును! ఆరుబయట వేసవియెండలో నిలిపిన పడవకు పొర సుద్దవలె మారును. చేతితో రుద్దినచో తెల్లని పొడి అంటును. అంచులవద్దను, కొక్కెములు బిగించినచోట్లను సాలెగూడువంటి సన్నని బీటలు కనబడినచో అచ్చట ఒత్తుడు పడినదని గ్రహింపవలెను. పడవ యంతటను చిన్న కొయ్యసుత్తితో మెల్లగ తట్టుకొనుచు పోవలెను. గట్టిగ నున్నచోట ఖణేలుమను. పొరలు విడినచోట బద్దగ, బోలుగ మ్రోగును. ఈ పరీక్షకు విద్య అక్కఱలేదు, చెవి యున్న చాలును. కుండ కొనునప్పుడు మన ఆడువారు చేయు పరీక్ష యిదియే.

అన్నిటికంటె ముఖ్యముగ చూడవలసినది వెనుకబల్ల. ఔట్‌బోర్డు ఇంజను బరువంతయు దానిపై వ్రేలాడును. త్రోయు బలమంతయు దానిగుండానే పడవకు చేరును. పెక్కు ఫైబరు పడవలలో ఈ బల్ల లోపల పలకచెక్క పొదిగియుందురు. ప్రదర్శనములో పేరుపలకలు, దీపములు, జెండాకఱ్ఱలు బిగించుటకై మేకులు, మరలు దింపుదురు. వానిని తీసిన పిమ్మట రంధ్రములపై రంగు పూసి ఊరకుందురు. ఆ రంధ్రములగుండ వాననీరు లోపలికి దిగి చెక్కను కుళ్లింపసాగును. పైకి ఏమియు కనబడదు. ఇంజనును పట్టి పైకెత్తి, క్రిందికి వదలి చూచినప్పుడు బల్ల కదలినను, కిఱ్ఱుమన్నను, మరల తావున చెమ్మ కారినను ఆ బేరము అంతటితో మానుకొనుట మేలు. నది నడుమ ఇంజను ఊడి నీటబడిన పడవలో తెడ్డు కూడ లేకపోయినచో ఏమి గతి!

కొయ్యపడవ విషయము దీనికి తలక్రిందులు. ఫైబరు పడవ నీటివలన చెడును. కొయ్యపడవ నీరు లేక చెడును. పలకలు ఎండి కుదించుకొనిపోయి సందులు విడును. శాలలో మూడునెలలు నిలిచిన కొయ్యపడవను నీట దింపినప్పుడు సందులన్నిటను నీరు చిమ్మును. దానిని చూచి భయపడనక్కఱలేదు. ఒడ్డునే నిలిపి తడిసి ఉబ్బనిచ్చినయెడల పెక్కు సందులు తమంతట మూసికొనును. మూసికొననిచోట నార కూరి గుగ్గిలమును నూనెయు పట్టింపవలెను. ఐతే ఎండలో నిలిచి పలక చీలినదేని ఉబ్బుట వలన మూయబడదు, పలకయే మార్పవలెను. ఈ విషయమున మన తాళ్లరేవు, కోరంగి ప్రాంతపు పడవ వడ్రంగుల మాట ప్రమాణము. 1839 నాటి ఉప్పెన కోరంగి రేవును పాడుచేసినను ఆ నేర్పు ఆ ప్రాంతమును విడిచిపోలేదు. అట్టి వడ్రంగివద్ద పడవ కట్టించుకొన్నవాడు ప్రతిపలకను దింపకమునుపే చూచుకొనగలడు. ప్రదర్శనపు పడవలో ఆ సౌకర్యము లేదు. పలకలపై రంగు ముందే పడియున్నది.

ఇంజను సంగతి. గంటలు చూపు మీటరు సున్నయని చూపినంతమాత్రమున తృప్తిపడరాదు. ఇంజనును చల్లబఱచుటకు నదినీటిని పైకి త్రోయు పంపులో రబ్బరు చక్రమొకటి యుండును. చూపఱులకు చప్పుడు వినిపింపవలెనని నీరులేకుండ ఇంజనును త్రిప్పినచో ఆ రబ్బరు క్షణములలో కాలి చెడును. త్రిప్పకున్నను నెలలతరబడి ఒకే వంపులో నిలిచి రబ్బరు గట్టిపడును. దీనిని మార్చుట పెద్దవ్యయము కాదు. మార్పకుండ నడిపినచో ఇంజనే మాడిపోవును. పెట్రోలు తొట్టెలో మిగిలి జిగురైనదా, బ్యాటరీ చచ్చినదా, ఇంజనుపై సంఖ్య చూపు సంవత్సరమేది అనునవియు చూడవలెను. పూచీకాలము సంఘమునకు అమ్మిన తేదీనుండి మొదలగునా, లేక కార్ఖానానుండి కదలిననాటినుండియే గడచిపోవుచున్నదా అనునది రసీదుపై వ్రాయింపవలెను. ఈ యొక్క పంక్తి వ్రాయుటకు వర్తకుడు వెనుదీసినచో, అతనికి తెలిసినది మనకు తెలియనిది ఏదో కలదని తలపవచ్చును. ఆ ఇంజనుకు విడిభాగములు రాజమహేంద్రవరములోనో, కాకినాడలోనో దొరకకున్నయెడల అది ఎంత మేలిదైనను మనకు పనికిరాదు.

ఇంతవఱకు చెప్పినదంతయు పడవ బాగున్నదా లేదా అను విషయము. బాగున్న పడవ మన పనికి తగినదా అనునది వేఱు ప్రశ్న. నా యభిప్రాయమున పెక్కు బేరములు ఇచ్చటనే తప్పిపోవును. ప్రదర్శనమున నిలుపునవి చాలవఱకు విహారపు పడవలు. వాని అడుగు నాగటికఱ్ఱువలె కోసుగ నుండును. వేగముగ పోవునప్పుడు పడవ నీటిపైకి లేచి జాఱుటకు ఆ కోసు ఉపకరించును. అరటిగెలలు నింపిన పడవ అట్లు లేవదు. నీటిలో మునిగి, పెట్రోలు త్రాగుచు, ఈడ్చుకొనుచు పోవును. వేసవిలో గోదావరి పాయలలో ఇసుకమేటలు లేచి మోకాటిలోతు నీరు మిగిలినచోట్ల కోసు అడుగు ముందుగ నేల నంటును. ఒడ్డున ఇసుకపై నిలిపినచో ప్రక్కకు ఒఱుగును. తలపై గంపతో ఎక్కు ఆడుమనిషి ఎట్లు ఎక్కగలదు? కూర్చుండుటకు మెత్తని ఆసనములు, గాలికి అద్దము, అందమైన కమ్ములు ఉన్నవి. గెల దించుటకు చోటులేదు. ఆ ఆసనములను ఊడదీసి వేయుటకు మనము ధర చెల్లింపవలెనా?

లంకపనికి బల్లపఱుపు అడుగు, వెడల్పైన నడుము, తగ్గిన ముందుకొన, ఇసుకకు అఱగకుండ అడుగున లోహపుపట్టీ గల పడవ కావలెను. బరువు లెక్క ఎవరికైనను తెలియదగినదే. పడవ తన బరువునకును సరుకు బరువునకును సమానమైన నీటిని త్రోసివేయును. ఒక ఘనమీటరు నీటి బరువు 1000 కిలోలు. ఆఱు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు గల బల్లపఱుపు పడవను తీసికొందము. కొనలు సన్నబడుటచేత మొత్తము చదరములో ఏడుపాళ్లు లెక్కకు పట్టినచో, ప్రతి 10 సెంటీమీటర్లు దిగుటకు సుమారు 630 కిలోలు బరువు కావలెను. అనగా పదిమంది మనుష్యులు ఎక్కినచో ఇంచుమించు పది సెంటీమీటర్లు దిగును. సరుకంతయు నింపిన పిమ్మట అంచునకును నీటికిని నడుమ ఎంత మిగులుచున్నదో ఈ లెక్కవలన కొనకమునుపే తెలియును. వర్తకుని పత్రికలో "పన్నెండుగురు కూర్చుండవచ్చును" అని యున్నచో అది నిశ్చలమైన నీటిలో, గంపలు లేని పన్నెండుగురు. ఆషాఢ శ్రావణములలో మన గోదావరి ఎట్లుండునో ఆ పత్రిక వ్రాసినవాడు చూచియుండడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులు మించి పాఱినది. 2022 జూలైలో 25 లక్షలు దాటినది.

ఈ విషయమున అశ్రద్ధ ఏమి చేయునో మన నదులే చూపినవి. 2017 నవంబరు 12వ తేదీన విజయవాడ చెంత కృష్ణలో పవిత్రసంగమము సమీపమున విహారపు పడవ తిరుగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదలో దేవీపట్నము మండలము కచ్చులూరువద్ద డెబ్బదిమందికి పైగా ఎక్కిన విహారపు పడవ మునిగినది. అవి ప్రదర్శనపు పడవలని నేననుట లేదు. చూచుటకు ఆ పడవలును బాగుగనే యుండెను. ఎక్కినవారిలో ఎవ్వరును శంకించి యుండరు. మన పడవలో రోజును ఎక్కువారు మన యింటివారు. కావున ఫైబరు పడవయైనచో అడుగున తేలెడు నురుగుగడ్డ నింపియున్నదా, నీరునిండినను తేలునా అని అడిగి, అడిగినంత మాత్రమున నమ్మక, ఒడ్డున లోతులేనిచోట నీరునింపి చూడవలెను. ప్రదర్శనపు ప్రతిలో ఆ గడ్డ నింపక వదలియుండుట సంభవమే. నింపినచోట వాననీరు చేరి ఆ గడ్డయే నీటిని పీల్చియుండుటయు సంభవమే. అట్టి పడవను తూచినచో పత్రికలో చెప్పినదానికంటె ఎక్కువ బరువు తూగును.

చట్టమును గుఱించి రెండుమాటలు. 1917 నాటి చట్టమునకు బదులుగ 2021 సంవత్సరమున దేశీయ జలనౌకల చట్టము వచ్చినది. ఇంజనుతో నడచు పడవకు సర్వే ధ్రువపత్రము, రిజిస్ట్రేషను, భీమా కావలెను. ప్రదర్శనపు పడవకు నిర్మాణచిత్రములును కాగితములును వర్తకునివద్ద లేనియెడల వానిని సంపాదించు భారము మనపై పడును. ఇంకొకటి: 1930 సంవత్సరపు వస్తువిక్రయ చట్టము 16వ సెక్షను ననుసరించి, కొనువాడు సరుకును పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో కనబడదగిన లోపములకు అమ్మువాడు పూచీపడనక్కఱలేదు. దిమ్మెలపైనున్న పడవను చుట్టివచ్చి "బాగున్నది" అని తలయూపినవారు పరీక్షించినవారి క్రిందనే లెక్క. "ఉన్నది ఉన్నట్లుగ" అను మాట రసీదులో నున్నచో మన చేయి మఱింత కట్టువడును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వాణిజ్య ప్రయోజనమునకు కొన్నవానిని వినియోగదారునిగ నెంచదు గనుక, కిరాయి పుచ్చుకొని పడవ నడుపు సంఘమునకు ఆ రక్షణ దొరకునా అనునది వివాదాస్పదము. కావున పూచీ అంతయు రసీదుపై నుండవలసినదే.

ధర లెక్క ఒకటి వేసి చూపుదును; ఈ అంకెలు ఊహించినవే. కొత్త పనిపడవ ఇంజనుతో సహా నాలుగు లక్షలు, ప్రదర్శనపు పడవ మూడు లక్షలు అనుకొందము. లక్ష మిగిలినట్లు తోచును. లారీకూలి పదునైదు వేలు, పంపు చక్రమును బ్యాటరీయును పదివేలు, ఆసనములు తీసి అడుగుబల్లలు వేయుటకు ఇరువదివేలు, అడుగుపట్టీకి పదివేలు, ప్రదర్శనములో లేని లంగరు, త్రాళ్లు, తెడ్లు, ప్రతిమనిషికి లైఫుజాకెటు కలసి ఇరువదివేలు. (తెడ్లును జాకెట్లును కొత్త పడవకును కొనవలసినవే గదా యని కొందఱనవచ్చును, కొత్తదానితో బేరమాడినచో అవి తఱచుగ దానితోనే వచ్చును.) మిగిలినది ఇరువదియైదు వేలు. ఆ ఇరువదియైదు వేల కొఱకు పూచీకాలమును పోగొట్టుకొనవలసివచ్చినచో బేరము నష్టమే. పూచీ పూర్తిగ నిచ్చి, పడవ మొదటనే బల్లపఱుపు పనిపడవయై యున్నచో పై ఖర్చులలో సగము తగ్గును. అప్పుడు మాత్రము నిస్సంకోచముగ కొనవచ్చును. విహారపు పడవనైతే సగము ధరకు వచ్చినను సంఘపు సొమ్ముతో కొనరాదని నా దృఢమైన అభిప్రాయము.

కొనదలచినవారు పాలకవర్గమునుండి ఇద్దఱిని, రేవున ముప్పదియేండ్లు పడవ నడిపిన సరంగు నొకనిని, ఇంజను మరమ్మతు తెలిసినవాని నొకనిని పంపవలెను. సరంగు నోరు మెదపక చూచును. అతని మాట కడపట అడుగవలెను, అదియు వర్తకుడు లేనిచోట. బయానాగ స్వల్పమొత్తము మాత్రమిచ్చి, నీటిపరీక్షలో నెగ్గనియెడల అది మరల ఇచ్చునట్లు వ్రాయించుకొనవలెను. పరీక్షనాడు మనుష్యులను ఎక్కింపరాదు; యాబది కిలోల ఇసుకబస్తాలను నింపవలెను. మొదట సగము బరువుతోను, పిదప పూర్తి బరువుతోను ఎదురునీటికి నడిపి, నడుమ ఇంజను ఆపి తెడ్డుతో ఒడ్డునకు చేర్చి చూడవలెను. బస్తాలన్నియు ఒక ప్రక్కకు జరిపి ఎంత ఒఱగునో కొలువవలెను. పరీక్ష ముగిసిన పిమ్మట పడవను రాత్రియంతయు నీటిలోనే కట్టియుంచి, తెల్లవారి అడుగున ఎంత నీరు చేరెనో చెంబులతో కొలిచి వ్రాయవలెను. మిగిలిన పైకము ఆ తరువాతనే. ఇదంతయు జ్యేష్ఠమాసములోపల ముగియవలెను. ఎఱ్ఱనీరు దిగిన పిమ్మట క్రొత్త పడవను పరీక్షించుటకు ఏ సరంగును ఒప్పుకొనడు.